అక్క పడవకు స్టీరింగు మోటారు

మా అక్క మణికట్లు చికున్‌గున్యా వచ్చి పోయినంక మళ్ల మామూలు కాలేదు. జరం పది రోజులకు పోయింది, నొప్పి మాత్రం పోలేదు. పొద్దున చాయ్ గ్లాసు కూడ రెండు చేతులతోని పట్టుకునేది. గసొంటి చేతులతోని పొద్దుగూకే యాళ్లకు బ్యారేజీ వెనక నీళ్లల్ల పడవ స్టీరింగు తిప్పుతుంటే ఒడ్డు మీద నిలబడి చూడలేకపోయిన. "ఉండక్కా, దానికొక మోటారు పెడ్త. అదే తిప్పుకుంటది" అన్న. నోరు జారిన. ఆ ఒక్క మాట నా రిటైర్‌మెంటుల మొదటి ఏడాదిని మింగేసింది.

అక్క ఏమనలేదు. వల మడుసుకుంట కూసున్నది. సంతోషపడ్డదనుకున్న.

ముందు పడవ సంగతి చెప్పాలె. బావ, అంటే అక్క పెనిమిటి, నేను ఒకే గనిల పనిచేసినం. ఆయన బొగ్గు నింపే కార్మికుడు, నేను ఫిట్టరును. రిటైరయ్యేటప్పటికి ఫోర్‌మన్‌ను. ఒకనాడు సెకండ్ షిఫ్టుల పైకప్పు పెళ్ల మీదపడి ఆయన కుడి భుజం నలిగింది. దవాఖానల నెలలకు నెలలు ఉన్నడు. చెయ్యి మిగిలింది గని భుజం దాటి పైకి లేవదు. కంపెనీ మెడికల్ అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపింది. వాళ్లది గోదారి ఒడ్డు ఊరు, తాతల నుంచి చేపలు పట్టే ఇల్లు; మా ఇల్లు దానికి ఎదురుగనే. ఆయన మళ్ల వల పట్టుకున్నడు. ఎక్కడనో బోటింగు మూతపడితే అమ్మకానికి పెట్టిన పాత ఫైబరు పడవ ఒకటి లారీల ఏసుకొని తెచ్చుకున్నడు. ఇరవై అడుగులు ఉంటది. ముంగట కారుకు ఉన్నట్టు స్టీరింగు చక్రం, వెనక పెట్రోలు ఇంజను. ఈ రెంటికి నడుమ పడవ పక్కగోడ లోపలి నుంచి ఒక మందమైన కేబుల్. చక్రం తిప్పితే కేబుల్ ఇంజనును నెట్టుతది, పడవ మలుగుతది. గంతే దాని కత.

వల విడుసుడు రెండు చేతుల పని. బావకు ఉన్నయి ఒకటిన్నర చేతులు. వల విడుస్తున్నంతసేపు పడవ మెల్లగ, సక్కగ పోవాలె. గాలికి పక్కకు జరిగితే వల మెలిపడ్తది, ఒక్కోసారి ఇంజను ఫ్యానుకే చుట్టుకుంటది. అందుకే అక్క ముంగట కూసొని స్టీరింగు పట్టేది, బావ వెనక నిలబడి వల విడిచేది. ఆరేండ్లు గట్లనే నడిచింది. ఆ నీళ్ల మీద స్టీరింగు పట్టే ఆడామె మా అక్క ఒక్కతే.

నేను మాట ఇచ్చిన మిషను కొత్తదేం కాదు. సముద్రం మీద పోయే పడవలల్ల ఎప్పటి నుంచో ఉన్నదే. దిక్సూచి ఉన్న ఒక చిన్న డబ్బా ఉంటది. ఎటు పోవాల్నో మీట నొక్కి చెప్తే, పడవ పక్కకు మలిగినప్పుడల్ల ఆ డబ్బా పసిగట్టి స్టీరింగును సరిచెయ్యమంటది. డబ్బా చెప్పేదే. చేసేది వేరే మోటారు. దాన్నే డ్రైవ్ అంటరు. డబ్బా ఎంచుకునుడు ఒక పూట పని. నా తల తిన్నది డ్రైవ్.

కొచ్చిల ఇసొంటివి అమ్మే ఒకాయన నంబరు దొరికింది. ఆయనకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు, ఇద్దరి నడుమ నేను గనిల నేర్చుకున్న హిందీ. "మీది తెరచాప పడవనా, మోటారు పడవనా?" అని అడిగిండు. మోటారు అన్న. "యాట్ పొడుగెంత సార్?" అన్నడు.

"షికారు యాట్ కాదు బాబూ, చేపల పడవ."

"ఏ హార్బరు?"

"గోదావరిఖని."

ఫోన్ల కీబోర్డు టకటకమన్నది. మ్యాపుల వెతుకుతున్నడని అర్థమైంది. "సార్, అక్కడ సముద్రం లేదు కద?"

"సముద్రం లేకుంటే పడవ ఉండద్దా?" అన్న.

సరిగ్గ అప్పుడే ఓపెన్‌కాస్టు గనిల మధ్యాహ్నం బ్లాస్టింగు అయింది. కిటికీలు దడదడమన్నయి, షెల్ఫుల గిన్నెలు మోగినయి. "సార్! ఏమైంది సార్? క్షేమమేనా?" అని ఫోన్ల ఒకటే లొల్లి. బాంబు పడ్డదనుకున్నడో ఏమో. రోజూ ఉండేదేనని నమ్మించేసరికి నేను అడగాలనుకున్నది నేనే మర్చిపోయిన.

రెండో రోజు నెమ్మదిగ చెప్పిండు. స్టీరింగు చక్రానికే ఒక బెల్టు తగిలించి తిప్పేది ఒకటి, చక్రం వెనకున్న ఇరుసుకు గొలుసు ఏసి మోటారుతోని తిప్పేది ఇంకొకటి, ఇంజను దగ్గర ఒక ఇనుప చెయ్యి పెట్టి సీదా దాన్నే నెట్టేది మరొకటి. ఇవన్ని కాకుంటే పాత కేబుల్ మొత్తం పీకేసి, గొట్టాలల్ల నూనె పంపి నడిపే హైడ్రాలిక్ స్టీరింగు పెట్టుకొని దానికి పంపు బిగించుడు.

హైడ్రాలిక్ అనే మాట చెవిల పడంగనే నాకు ఇంకేం వినపడలేదు. ముప్పై ఏండ్లు నేను చేసిన పనే అది. భూమి లోపల బొగ్గు ఎత్తే లోడర్ల హోసులు, పంపులు, సిలిండర్లు, అన్నిటిని చీకట్ల చేతితోని తడిమి ఏ సీలు పోయిందో చెప్పెటోన్ని. "హైడ్రాలికే కావాలె" అన్న.

"సిలిండరుకు తగ్గ పంపు ఉండాలె సార్. పెద్దదయితే మంచిదని కాదు. ముందు మీ స్టీరింగు తిప్పనీకె ఎంత బలం పడుతున్నదో కొలిచి చెప్పుండ్రి. కొలిచినంక మాట్లాడుకుందం."

నాకు తిక్కలేసింది. షికారు పడవల సామాను అమ్మెటోడు నాకు పంపు గురించి చెప్పుడా! "నాకు తెలుసులే" అని కొలవకుండనే చెప్పిన. ఆయన చెప్పినదానికంటే రెండు సైజులు పెద్ద పంపు పంపుమన్న. గనిల మాకు అదే అలవాటు. లోడు ఎంత ఉంటదో తెల్వకుంటే పెద్దదే ఎయ్యి, ఎనక ముందు చూసుకునుడు ఉండదు.

అది రానీకె పట్టిన తిప్పలు వేరే. కొరియరు ఆయన రామగుండం నుంచి ఫోన్ చేసి "మీ అడ్రసు దొరకలే" అన్నడు. నేను ఆ అడ్రసులనే నిలబడి మాట్లాడుతున్న. మరునాడు "ఇంట్ల ఎవరు లేరని రాసినం" అన్నరు. ఇంట్ల ముగ్గురం ఉన్నం. మూడోనాడు నేనే షేర్ ఆటో ఎక్కి ఆఫీసుకు పోతే పెట్టె నా కండ్ల ముందే ఉన్నది, కంప్యూటర్ల మాత్రం వెనుకకు పోయినట్టు ఉన్నది. "సిస్టంల లేనిదాన్ని ఎట్ల ఇస్త సార్?" అంటడు. పెట్టె మీద చెయ్యి ఏసి, "ఇది ఏంది మరి?" అని అడిగిన. అదే మాట నాలుగుసార్లు అడిగినంక ఇచ్చిండు.

బిగించుడు నాకు కష్టం కాలేదు. పాత కేబుల్ పీకి ఒడ్డున పారేసిన. గొట్టాలు పరిసిన, నూనె పోసిన, గాలి బుడగలు పోయేదాక రెండు రోజులు చక్రం ఇటు అటు తిప్పిన. బావ పక్కన కూసొని చూసుకుంట "బామ్మర్దీ, అయితదా?" అని గంటకొకసారి అడుగుడు. రేవుకు వచ్చిన ప్రతి మనిషికి "మా బామ్మర్ది పడవను దానంతట అదే నడిపిస్తడట" అని చెప్పుడు. సగం ఊరు చెరువు తెగినట్టు వచ్చి ఒడ్డున కూసున్నది.

మీట నొక్కిన. పడవ బయలెల్లింది. కొంచెం ఎడమకు జరిగింది. డబ్బా పసిగట్టింది, పంపు గుర్రుమన్నది, ఇంజను ఒక్కసారిగ కుడికి తిరిగింది. తిరగవలసినదానికంటే రెండింతలు తిరిగింది. పడవ కుడికి మలిగింది. మళ్ల డబ్బా పసిగట్టింది, పంపు మళ్ల గుర్రుమన్నది. గిట్ల ఎడమకు, కుడికి, ఎడమకు, కుడికి, పాము ఈదినట్టు నీళ్ల మీద మెలికలు తిరుక్కుంట పోయింది. బావ వెనక వల విడుస్తనే ఉన్నడు. వలకు కట్టిన తేలే బెండ్లు నీళ్ల మీద ఒక్క వరుసల ఉండాల్సినయి వంకరటింకరగ తేలినయి.

ఒడ్డుకు వచ్చి బావ ఆ బెండ్ల దిక్కు చూసి, "ఏంది బామ్మర్దీ, వల ఏసిన్నా ముగ్గు ఏసిన్నా?" అన్నడు. ఒడ్డున కూసున్నోళ్లందరు నవ్విండ్రు. అక్క నవ్వలేదు. వల విప్పుకునుడు ఆమె మీదనే పడ్డది, ఆ మణికట్లతోని. ఆ మరునాడంత నేను ఆమె పక్కన కూసొని ముడులు విప్పిన. ఆమె తిట్టినా బాగుండు.

మూడు వారాలు ఆ పంపుతోని కొట్లాడిన. డబ్బాల సెట్టింగులు మార్చిన, నూనె మార్చిన, గొట్టం సన్నగ చేసి చూసిన. తగ్గింది గని పోలేదు. ఆఖరుకు కొచ్చికి ఫోన్ చేసి, గొంతు తగ్గించుకొని, పంపు ఎక్కువైందని ఒప్పుకున్న. ఆయన దెప్పలేదు. అదే ఎక్కువ మంట. "వాపస్ పంపుండ్రి సార్, మార్చి ఇస్త. ఈసారన్న కొలిసి చెప్పుండ్రి" అన్నడు.

కొలవాలంటే హైడ్రాలిక్ తీసేసి పాత కేబుల్ మళ్ల ఏసుకోవాలె. ఒడ్డున పారేసిన కేబుల్ ఇంకా అక్కడనే ఉన్నది, దేవుని దయ. ఏసిన. చేపలు తూచే కొక్కెం కాంటా తెచ్చి, చక్రం అంచుకు తగిలించి గుంజిన. ముల్లు ఏడు కిలోలు దాటినంక గని చక్రం కదలలేదు. కాంటా చెడిపోయిందనుకొని ఇంకొకటి తెచ్చిన. అదీ ఏడే అన్నది. ఫోన్ల చెప్తే కొచ్చి ఆయన, "ఉండదు సార్. ఇంత చిన్న పడవకు అందుల సగం కూడ ఉండద్దు. మీ కేబుల్ చూసుకోండ్రి" అన్నడు.

కేబుల్‌ను ఊరవతల లేతు షాపు చాచా దగ్గరికి తీసుకపోయిన. గని స్పేర్లు చెయ్యించుకుంటున్నప్పటి నుంచి ఆయన నాకు తెలుసు. రెండు కొసలు పట్టుకొని ఒకసారి గుంజి చూసి, కింద పెట్టిండు. "ఇది ఎప్పుడో సచ్చిపోయింది భయ్యా. లోపలంత తుప్పు. ఎవరు తిప్పుతున్నరు దీన్ని, పహిల్వానా?"

"మా అక్క" అన్న.

చాచా నా మొకం చూసి లేతు దిక్కు మలిగిండు. నాకు తల ఎత్తబుద్ది కాలేదు. ముప్పై ఏండ్ల ఫిట్టరును. ఆరేండ్ల నుంచి ఆ పడవ ఎక్కుతున్న, దిగుతున్న, అక్క పెట్టిన చేపల పులుసు తింటున్న. ఆ పాత కేబుల్ మీద ఉన్నన్ని రోజులు ఒక్కసారన్న ఆ చక్రం మీద చెయ్యి ఏసి తిప్పలేదు. ఆమె మణికట్లు నొస్తున్నయంటే జరం తోని అనుకున్న. డాక్టరు కూడ అదే అన్నడు. డాక్టరు పడవ చూడలేదు గద.

కొత్త కేబుల్ ఏసినం. అక్కను పిలిచి తిప్పి చూడుమన్న. రెండు చేతులు అలవాటుగ చక్రం మీద ఏసి, బలం పెట్టబోయింది. చక్రం గిర్రున తిరిగింది, ఆమె ముంగటికి తూలింది. ఆగి, ఒక వేలు పెట్టి తిప్పింది. మళ్ల రెండో దిక్కు తిప్పింది. ఏడుస్తదనుకున్న. కోపం వచ్చింది ఆమెకు.

"గింత అలకగ తిర్గేది ఉండెనా ఇది? ఆరేండ్లు నాతోని బండలు మోపించిండ్రా మీరిద్దరు? ఇద్దరు ఇద్దరే! గనిల పనిచేసిన మొనగాండ్లు!"

బావ నా దిక్కు చూసిండు, నేను బావ దిక్కు చూసిన. ఆయన భుజం పనిచెయ్యదు కాబట్టి ఎన్నడు చక్రం ముట్టలేదు. నాకు ఆ సాకు కూడ లేదు.

ఇగ మోటారు ఎందుకు, కేబుల్ తోని పని అయిపాయె అని నేననుకున్న. అక్కడ బావ అడ్డం తిరిగిండు. "ఊరందరికి చెప్పిన. ఇప్పుడు లేదంటే నా ఇజ్జత్ ఏంగావాలె? పెట్టు. మీ అక్క ఇంట్ల ఉంటది, నేనొక్కన్నే పోత" అన్నడు. అక్క కాళ్లు ఈడ్చుకుంట ఇంట్లకు పోయింది. ఆ పోవుడు చూసి నాకు అర్థం కావాలె. కాలేదు. ఎండకు అలిసిందనుకున్న.

ఈసారి కొలిసి చెప్పిన. చక్రం ఇరుసుకు గొలుసు ఏసి తిప్పే చిన్న మోటారు వచ్చింది, నా అరచెయ్యి కంటే కొంచెం పెద్దది. దాని నడుమ ఒక క్లచ్ ఉంటది. మీట నొక్కితే మోటారు పట్టుకుంటది, ఇంకొకటి నొక్కితే విడుస్తది, చక్రం చేతికి వస్తది. దాన్ని చూస్తే నవ్వొచ్చింది. నేను తెచ్చిన పంపు దీనికి ఐదింతలు ఉండె. ఇరుసు మీద బిగించే పళ్ల చక్రం చాచా తయారు చేసిండు. మొదటిది రంధ్రం పెద్దగైంది, రెండోది సరిపోయింది. నీళ్లల్లకు తీసుకపోయి మీట నొక్కిన. గొలుసు టిక్కుటిక్కుమని కొంచెం ఇటు, కొంచెం అటు. పడవ గీత గీసినట్టు పోయింది. నా పానం అప్పుడు నిమ్మళమైంది.

మరునాడు సాయంత్రం బావ ఒక్కడే వలకు పోతనన్నడు. నేను, అక్క ఒడ్డున ఉన్నం. "జాకెట్ ఏసుకో" అని అక్క తేలే జాకెట్ అందించింది. ఏసుకుంటే చెయ్యి ఆడదని సీటుకు తగిలించిండు. ఇంకా మంచి ఎండనే ఉన్నది. నీళ్లు కదలకుండ ఉన్నయి, దూరంగ పవర్‌హౌసు పొగగొట్టాలు కనపడుతున్నయి. ఇంజను స్టార్ట్ చేసి, మీట నొక్కి, వెనకకు పోయి వల విడుసుడు షురూ చేసిండు. బెండ్లు ఒకదాని వెనక ఒకటి సక్కగ తేలుతుంటే నేను అక్కతోని, "చూసినవా?" అన్న.

"చూస్తున్న" అన్నది.

అప్పుడే బావ పడ్డడు. వల కిందికి గుంజే తాడు ఆయన కాలికి చుట్టుకున్నదట. పట్టుకొని ఆగనీకె కుడి చెయ్యి లేవలేదు. నీళ్లల్ల పడ్డ సప్పుడు మాకు కొంచెం ఆలస్యంగ వినపడ్డది.

పడవ ఆగలేదు. ఎందుకాగుతది? అది నేర్చుకున్నది ఒక్కటే, సక్కగ పోవుడు. బావను వెనక విడిచి, వలను దానంతట అదే పారేసుకుంట, గొలుసు టిక్కుటిక్కుమనుకుంట అవతలి ఒడ్డుకు పోతనే ఉన్నది. నా జీవితంల నేను బిగించిన ఏ మిషను అంత బాగ పనిచెయ్యలేదు. నేను ఒడ్డెంబడి ఉరుకుతున్న, "ఆగు, ఆగు" అని పడవను కేకేస్తున్న. పడవను! అక్క నా లెక్క ఉరకలేదు. కొంగు తీసి ఊపుకుంట, పక్కన తెప్ప మీద వల చూసుకుంటున్న ఊరాయనను పేరు పెట్టి పిలిచింది. ఆమె గొంతు గట్ల నేను ఎన్నడు వినలేదు.

బావ ఈతగాడే గని ఒక చెయ్యితోని కాలుకున్న తాడు విప్పుకునుడు అయితలేదు. ఆయన విడిచిన వల బెండ్లనే రెండు గుంజుకొని చంక కింద పెట్టుకొని తేలిండు. తెప్ప ఆయన పోయేసరికి పది నిమిషాలు పట్టిందో, ఐదు నిమిషాలే పట్టిందో నేను చెప్పలేను. తెప్ప మీదికి గుంజి, కత్తితోని తాడు కోసి, ఒడ్డుకు తెచ్చిండు. బావ దగ్గుకుంట, నీళ్లు కక్కుకుంట, ముందు అడిగిన మాట, "పడవ ఏది?"

పడవ అవతలి ఒడ్డున జమ్ములకు దూరి, బురదల మూతి పెట్టి, ఇంకా పోదామని ఇంజను కొట్టుకుంటున్నది.

దాన్ని తెచ్చినంక అక్కనే అన్ని చూసింది. ఇంజను పక్కన ఒక మీట, దానికి ఎర్ర తాడు ఉంటది. నడిపే మనిషి ఆ తాడు నడుముకు కట్టుకోవాలె. పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతది. బోటింగోళ్లు ఇచ్చినప్పటి నుంచి ఉన్నదే. మాటిమాటికి ఊడుతున్నదని బావ ఎప్పుడో ఆ తాడు తీసి పారేసి, మీటను ఆగకుంట వైరుతోని కట్టేసిండు. ఆ వైరును నేను చూసిన. ఇంజను ఎన్నిసార్లు విప్పిన, ఎన్నిసార్లు బిగించిన. చూసి, బావ చేసిన సర్దుబాటు అనుకొని ఊకున్న.

ఇంటికి పోయినంక అక్క బావకు తల తుడిసి, పొడి బట్టలిచ్చి, చాయ్ పెట్టి, అప్పుడు కూసున్నది మా ఇద్దరి ముంగట.

"తమ్మీ, నా చేతులు నొస్తున్నయన్నది నిజమే. పడవ దిగుత అని నీకెప్పుడన్న చెప్పిన్నా?"

"లేదక్కా."

"ఈయనకు చెప్పిన్నా?"

బావ గ్లాసుల చూసుకుంట తల అడ్డంగ ఊపిండు.

"మరి ఎవర్ని అడిగి నన్ను దించిండ్రు? పొద్దంత ఇంట్లనే ఉంట. పొద్దుగూకినంక ఆ రెండు గంటలే నేను ఇంత గాలి పీల్చుకునేది. దానికి కూడ మిషను తెచ్చిండ్రు. తెచ్చి, దాని చేతికి ఈ మనిషిని అప్పజెప్పిండ్రు. పడ్డోణ్ణి చూసెటోళ్లు లేరు పడవల."

నీకు సుఖం కావాలనే చేసిన అని చెప్పబోయిన. డ్రైవ్ ఎంచుకోనీకె కొచ్చిల మనిషిని ఇరవై సార్లు అడిగిన. చాచాను అడిగిన, కాంటాను అడిగిన. ఏడు నెలలు అందరిని అడిగిన. ఆ చక్రం ముంగట ఆరేండ్లు కూసున్న మనిషి ఎదురిల్లే, ఆమెను ఒక్క మాట అడగలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటవు? తీసెయ్యాల్నా?" అన్న.

"ఎందుకు తీసుడు? గింత తిప్పలు పడి పెట్టినవు. నాకు నేర్పు."

నేర్పిన. ఏం లేదు నేర్పనీకె, నాలుగు మీటలు. మొదటి రోజే వాటికి పసుపు, ఎరుపు నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టుకున్నది, చూడకుంట ఏలుతోని నొక్కనీకె. గాలి లేనప్పుడు మిషను తిప్పుతది, ఆమె చేతులు ఒళ్లె పెట్టుకొని వెనక వల దిక్కు చూస్తది. ముంగట తెప్ప వచ్చినా, వల ఎక్కడన్న పట్టుకున్నా, ఎర్ర చుక్క నొక్కి చక్రం చేతికి తీసుకుంటది. బావ నడుముకు కొత్తగ తెచ్చిన ఎర్ర తాడు కట్టుకొని గని వల ముట్టడు. కట్టుకోకుంటే ఆమె ఇంజను స్టార్ట్ చెయ్యనియ్యదు. మణికట్ల నొప్పి మొత్తం పోలేదు గని చాయ్ గ్లాసు ఇప్పుడు ఒక్క చేతితోనే పట్టుకుంటున్నది.

నా యాష్ట మాత్రం తీరలేదు. వానాకాలం వైర్లకు తడి తగిలి డబ్బా ఒకసారి తూర్పును పడమర అన్నది. గొలుసుకు నూనె ఎయ్యుమంటే బావ వంట నూనె ఏసిండు, దానికి ఇసుక అంటుకొని పళ్ల చక్రం మళ్ల చాచా దగ్గరికి పోయింది. అవతలి ఊరు నుంచి ముగ్గురు వచ్చి, "మాకు కూడ ఒకటి పెట్టు అన్నా" అని గడపల కూసున్నరు. మీ పడవలకు చక్రాలే లేవయ్యా, కర్రతోని తిప్పుకునేటియి, వాటికి ఈ మోటారు రాదు, వేరేది కావాలె అని చెప్తే, "ఆ వేరేదే పెట్టు" అన్నరు. ముందు మీ పడవ నడిపేది ఎవరో వాళ్లను తీసుకొని రాండ్రి, మాట్లాడుత అని పంపించిన. కోపం చేసుకొని పోయిండ్రు.

బావ రేవుల చాయ్ హోటల్ల కూసొని చెప్పే ముచ్చట వేరే ఉన్నది. ఆనాడు తాను కావాల్నని దుంకిండట, పడవ సక్కగ పోతదా లేదా నీళ్లల్ల నుంచి చూసుకుందామని. వినేటోళ్లు నా దిక్కు చూస్తరు, నిజమేనా అన్నట్టు. నేను ఇంకో చాయ్ చెప్త. ఒకనాడు అక్క అటు నుంచి పోతూ ఆ మాట విన్నది. "మళ్ల ఒకసారి దుంకు, ఈసారి నేను చూసుకుంట" అని చెప్పి, పెట్రోలు డబ్బా ఎత్తుకొని పడవ దిక్కు నడిచింది. బావ లేచి, తాడు ఎక్కడ పెట్టిన్నో అనుకుంట, వెనకనే పోయిండు.